జోగి ముట్టని మామిడికాయ పప్పు

ఆటల హాస్టల్లో ఆయా ఉద్యోగానికి చేరబోయే ఆడపిల్లల కోసం ఇది రాస్తున్నాను. నేను చదివింది కల్లూరు దగ్గర మా ఊరి బడిలో ఐదో తరగతి దాకే. ఆరో తరగతికి పక్క ఊరికి నడవాలి, ఇంట్లో గేదెలను చూసేవాళ్లు లేరు. గేదెలే గెలిచాయి. కాబట్టి ఇందులో పెద్ద మాటలు ఉండవు. అక్షరాలు మా మనవరాలు దిద్దింది. మాటలు కూడా దిద్దబోతే ఊరుకోలేదు.

భద్రాచలం దగ్గర ఒక ఆడపిల్లల ఆటల హాస్టల్లో వంటకు సాయంగా చేరి, ఆయాగా రిటైరయ్యాను. నన్ను ఎప్పుడు పర్మినెంట్ చేశారు, ఎవరు సంతకం పెట్టారు అన్నవి మీకు పనికిరావు. నా పేరు నర్సమ్మ, పిల్లలు మాత్రం పెద్దమ్మా అనేవాళ్లు. కోపమొస్తే వెనకనుంచి పిసినారి పెద్దమ్మ అనేవాళ్లు. రెండూ నిజమే. కంచంలో మెతుకు మిగిలితే నేను ఊరుకునేదాన్ని కాదు.

గోడ మీద లేని నిద్ర

హాస్టల్లో అడుగుపెట్టగానే గోడ మీద పెయింటుతో రాసి ఉండేది. పొద్దున గ్రౌండు, తరవాత బడి, సాయంత్రం మళ్లీ గ్రౌండు, రాత్రి చదువు. వచ్చిన పెద్దమనుషులందరూ ఆ గోడ చూసి మెచ్చుకునేవాళ్లు. ఆ గోడ మీద నిద్ర అన్న మాట ఎక్కడా లేదని ఒక్కరూ అనలేదు.

తెల్లారకముందే లేచి పరిగెత్తిన పిల్ల, స్నానం చేసి, ఇంత తిని క్లాసులో కూర్చుంటే ఏమవుతుంది? కళ్లు మూతలు పడతాయి. ఆటల పిల్లలందరికీ వెనక బెంచీలే. నిద్రపోతే లేపొద్దని పంతుళ్ల మధ్య ఒక ఒప్పందం ఉండేది. జాలి అని వాళ్లు అనుకున్నారు, నేనూ అనుకున్నాను. పోటీలకు పోయిన రోజులకు హాజరు పడేది. రాయని పరీక్షకు మార్కులు పడేవి. "మనకు మెడల్ తెచ్చే పిల్ల, దాన్నేం అడుగుతం" అనేవాళ్లు. నా ఉద్యోగమంతా చూసి చెబుతున్నాను. పిల్లలను తిట్టిన పంతుళ్ల వల్ల కంటే, ఇట్లా కనికరించిన పంతుళ్ల వల్లే ఎక్కువమంది పాడయ్యారు. తిట్టే పంతులు కనీసం లెక్క చెయ్యమంటాడు.

మీరు చేరాక ముందుగా చూడాల్సింది పిల్లల కాళ్లు. బూటు ఇరుకైందని పిల్ల నోరు విప్పి చెప్పదు, ఇంకో జత ఇవ్వరేమోనని భయం. బొటనవేలి గోరు నల్లబడిందేమో మీరే చూడాలి. నెలసరి వచ్చిన రోజు కూడా చెప్పదు, కోచ్ మగమనిషైతే అసలే చెప్పదు. ఆ మాట కోచ్‌కు మీరు చెప్పాలి, సిగ్గుపడకుండా, కళ్లలోకి చూసి. ఆయనే సిగ్గుపడి సెలవిస్తాడు.

నేను చేరిన కొత్తలో ఒక కోచ్ మేడం ఉండేది. గ్రౌండుకు ప్రతి పిల్లా పుస్తకం తెచ్చుకోవాల్సిందే. తన వంతు వచ్చేదాకా సిమెంటు మెట్ల మీద కూర్చుని చదవాలి. పదో తరగతి పిల్లలకు దసరా దాటితే పొద్దున పరుగు బంద్. "పరుగు కాళ్లల్ల ఉంటది, యాడికి పోదు. పరీక్ష మళ్ల రాదు" అనేది. ఆమె ఉన్నన్నాళ్లు మెడళ్లు తగ్గాయి, పాసయ్యేవాళ్లు పెరిగారు. పైవాళ్లు మెడళ్లే చూశారు. ఆమెను వేరేచోటికి పంపారు. ఆమె చేతికింద ఎదిగిన పిల్ల ఒకతె ఇప్పుడు మణుగూరులో నర్సు. ఆ మేడం తరవాత వచ్చిన కోచ్ సారు రోజుల్లో జోగి సంగతి జరిగింది. నేను చెప్పదలుచుకున్నది అదే.

జోగి

జోగి వాళ్లది మణుగూరు అవతల అడవిలో కోయ ఊరు. బస్సు దిగి, ఆటో దిగి, వాగు దాటి నడవాలి. ఆరో తరగతిలో వచ్చింది. నాలుగు వందల మీటర్ల పరుగు ఆమెది. పరుగు సంగతి నాకేం తెలుసు గాని, ఆరేసిన దుప్పట్లు తీస్తూ తీస్తూ నేను కూడా చేతులాపి చూసేదాన్ని. మాట తక్కువ. నవ్వితే మాత్రం మెస్సంతా వినపడేది. కంచం కడిగినంత శుభ్రంగా తినేది. అందుకే నాకు ఇష్టం.

ఆమెకు ఒకటే కోరిక, ఫారెస్టు గార్డు డ్రెస్సు. ఒకసారి బియ్యం ఏరుతూ అడిగాను.

"అంత డ్రెస్సు పిచ్చేందే నీకు?"

"మా అడివిల నాకన్న జల్దీ ఉరికేటోళ్లు ఎవరున్నరు పెద్దమ్మా? నాకే ఇయ్యాలె ఆ డ్రెస్సు."

"ఇస్తరు, ఇస్తరు. ముందు పది పాస్ గావాలె."

"అయిత. బడి సారు మార్కులేస్తడు గదా."

"పదోదానికి మీ సారు ఎయ్యడే. ఎవరో తెల్వనోళ్లు దిద్దుతరు."

జోగి ఏరడం ఆపి నా ముఖంలోకి చూసింది. ఆ సంగతి ఆమెకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

ఆ రోజు నుంచి పుస్తకం పట్టింది. మిగతావన్నీ కిందా మీదా పడి చదివేది. లెక్కల పుస్తకం దగ్గర మాత్రం పేజీ తిప్పకుండా కూర్చునేది. ఆట ఎన్నాళ్లుంటుందో ఎవరికీ తెలియదు. పది పాసైతే ఆ తరవాత ఆటల కోటా ఉంటుంది, ఇంకో చదువు ఉంటుంది. పది లేకపోతే సంచినిండా మెడళ్లున్నా గేటు దగ్గరే ఆపుతారు. అది జోగికి అర్థమైంది, నాకు అర్థమైంది. హాస్టల్లో ఇంకెవరికీ అర్థమైనట్టు లేదు.

పరీక్షలు దగ్గర పడుతుండగా ఖమ్మంలో సెలక్షన్ పోటీ అన్నారు. అందులో గెలిస్తే పెద్ద క్యాంపుకు పంపుతారు. సారు పొద్దున పరుగు పెంచాడు. జోగికి మోకాలి కింద ఎముక మీద నొప్పి మొదలైంది. ఉప్పు మూట కాపడం పెట్టేదాన్ని, ఆముదం రాసేదాన్ని. వేలు తగిలిస్తే పళ్లు కొరుక్కునేది. సారుకు చెప్పాను.

"నొప్పి లేకుంట మెడల్ ఎవరికొస్తది నర్సమ్మా? నువ్వు ఆముదం రాయి, నేను ఉరికిస్త" అని నవ్వాడు.

ఆయన చెడ్డవాడని రాయను. కాంట్రాక్టు మీద ఉన్నాడు. మెడల్ వస్తేనే మళ్లీ ఏడాది ఉంటాడు. ఇద్దరు పిల్లల తండ్రి. ఆయన మెడ మీద కత్తి ఉంది, ఆ కత్తిని ఆయన జోగి కాలి మీద పెట్టాడు.

కొత్త

ఆ ఏడు మామిడి ముందే కాసింది. చింతపండు ఆదా అవుతుందని మామిడికాయ పప్పు మొదలుపెట్టింది నేనే. మొదటి రోజు జోగి కంచం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"పప్పొద్దు పెద్దమ్మా. మజ్జిగ పొయ్యి."

"నీకు ఏరే పొయ్యి పెట్టాల్నా? మహారాణివా?"

"మజ్జిగ చాలు."

పక్కనున్న సమ్మక్క అనే పిల్ల, జోగికి జత, ఊరుకోలేక అంది. "దాన్ని తిట్టకు పెద్దమ్మా. వాళ్లూర్ల ఇంక కొత్త కాలే. అది తినదు."

"కొత్త ఏందే?"

అప్పుడు తెలిసింది. చిక్కుడుగానీ మామిడిగానీ, కొత్తగా వచ్చిన కాపును ఊరి పూజారి వాళ్ల దేవతలకు పెట్టి, ఊరంతా కూడి తిన్నాకే ఎవరి నోట్లోకైనా పోవాలి. దాన్నే కొత్త చెయ్యడం అంటారు. ఒక్కో ఊరికి ఒక్కో రోజు. అంతకుముందు ఒక్కరు తిన్నా కీడు ఊరందరికీ. సమ్మక్క వాళ్ల ఊళ్లో అయిపోయింది కాబట్టి ఆ పిల్ల తింటోంది.

నాకది మొండితనం అనిపించలేదు. మా అత్త శనివారం ఒంటిపూట ఉండేది. ఆమె కంచం ముందు నిలబడి ఎవరూ తినిపించలేదు. జోగికి చారు విడిగా చేశాను. కానీ చారుకూ మజ్జిగకూ ఆ పరుగు ఆగదు. బరువు తగ్గింది. సారు కాటా మీద నిలబెట్టి చూసి మెస్సులోకి వచ్చాడు. మధ్యాహ్నం, పిల్లలంతా వరసలో కూర్చుని ఉన్నారు.

"ఏంది, పప్పు తింటలేవంట?"

జోగి తల వంచుకుంది.

నేను చెప్పాను. "వాళ్ల ఊరి ఆచారం సార్. కొద్దిరోజులే. గుడ్డు ఇంకోటి పెడత."

"ఆచారం ఊర్ల. ఇక్కడ డిసిప్లిన్. రేపు క్యాంపుల ఇంకేదో వద్దంటది. అక్కడ నర్సమ్మ ఉంటదా చారు కాయనీకి?" అని జోగి వైపు తిరిగాడు. "నువ్వు తినేదాక ఎవ్వరూ చెయ్యి పెట్టొద్దు. చూస్త, ఎంతసేపో."

అందరి కంచాల్లో అన్నం చల్లారుతోంది. ఆరో తరగతి పిల్లలు అప్పుడే గ్రౌండు నుంచి వచ్చారు, ఆకలికి పెదాలు తడుపుకుంటున్నారు. చిట్టిది ఒకతె "అక్కా, తినక్కా" అంది మెల్లగా. జోగి ఆ పిల్ల వైపు చూసింది. ముద్ద కలిపింది. తినేసింది. కంచం ఎప్పటిలాగే శుభ్రంగా ఊడ్చింది. సమ్మక్క ఏడ్చింది, జోగి ఏడవలేదు.

"చూసినవా? ఏమన్న అయిందా?" అని సారు వెళ్లిపోయాడు.

కోడి

ఖమ్మం పోటీకి పిల్లలతో నేనూ వెళ్లాను. జోగి చివరి మలుపు దాకా ముందుంది. మలుపులో ఎవరో కాలు అడ్డం పెట్టినట్టు పడింది. ఎవరూ పెట్టలేదు. దవాఖానాలో డాక్టరమ్మ ఫొటో తీయించి చూసి, "ఈ పగులు ఇయ్యాల్టిది కాదు. ఇంత నొప్పి మీద ఎందుకు ఉరికిచ్చిండ్రు?" అని అడిగింది. సారు బయట ఫోన్లో ఉన్నాడు. ఆ ప్రశ్న నాకు ఒక్కదానికే వినపడింది.

కాలికి కట్టు వేశారు. మూడోనాడు జోగి తండ్రి ముత్తయ్య హాస్టల్‌కు వచ్చాడు. బక్కపలచని మనిషి, చంకలో నాటుకోడి. ఆయన నిలదీస్తాడని నేను ఎదురుచూశాను. నిజం చెప్పాలంటే నిలదీయాలని కోరుకున్నాను. ఆయన సారు ముందు నిలబడి కోడిని ముందుకు చాపాడు.

"తప్పు మాదే సారూ. కొత్త కాకముందు కాయ తిన్నది. అందుకే కాలిరిగింది. మీ పేరు కూడ పాయె. ఇది ఉంచుండ్రి."

నేను ఆగలేకపోయాను. "ముత్తయ్యా, కాలు మామిడికాయ తోటి ఇరగలే. నొప్పుందని పిల్ల ఎప్పటిసంది..."

"నర్సమ్మా, పొయ్యి మీద పాలు పొంగుతున్నయేమో చూస్కోపో" అన్నాడు సారు.

"నేనే తిన్న నాయినా" అంది జోగి, నేల చూస్తూ.

సారు ముత్తయ్య భుజం తట్టాడు. "సరేలే. పిల్లలన్నంక తప్పు చేస్తరు." కోడిని పట్టుకుని నా చేతికిచ్చాడు. ఆ కోడిని నేనే వండాను.

ఊరు మామిడికాయను నమ్మింది. సారు డిసిప్లిన్‌ను నమ్మాడు. రెండు నమ్మకాలూ కలిసి నేరం జోగి మీదే పెట్టాయి. నొప్పి కాలుతో పరిగెత్తించిన మనిషి ముక్క నములుతూ ఉప్పు సరిపోయిందన్నాడు. ఈ ఉద్యోగంలో ఇట్లాంటివి చూస్తారు. ఎదురు చెప్పడం నేర్చుకోండి. నేను పాలు చూసుకోవడానికి పోయాను, మీరు పోవద్దు.

ఆడలేని పిల్లకు ఆటల సీటు ఉండదు. ఇది పైనుంచి వచ్చిన మాట. బడి, అన్నం, మంచం, అన్నీ ఆ సీటుకే కట్టి ఉన్నాయి. కాలు విరిగితే అన్నీ ఒకేసారి విరుగుతాయి. "హాల్ టికెట్ ఉంది గదా, పరీక్షకొచ్చి రాసుకుంటది" అని పంపేశారు. కట్టుతో వాగు దాటి రోజూ ఎట్లా వస్తుందని ఎవరూ అడగలేదు. నేను ముత్తయ్యను గేటు దగ్గర పట్టుకుని, పరీక్షలు మొదలయ్యే ముందు పిల్లను మా ఇంటికి తెచ్చి వదలమన్నాను. సరే అన్నాడు.

తేలేదు. సమ్మక్క కబురు తెచ్చింది. కొత్త సరిగ్గా పరీక్షల నడుమ పెట్టుకున్నారట. ముందు తిన్న పిల్ల కాబట్టి అది అయ్యేదాకా జోగి ఊరు దాటొద్దట.

పూజారి

నేను వెళ్లాను. ఈ వయసుల అడివికి ఏం పని అని మా కోడలు ఫోన్లో అంది. గేదెలు ఒకసారి గెలిచాయి చాలు అన్నాను.

జోగి ఇంటి ముందు మంచం మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. కట్టు కాలు పీట మీద చాపింది. నన్ను చూసి నవ్వలేదు. తలగడ కింద నుంచి పుస్తకం మూల కనపడుతోంది. ముత్తయ్య మంచినీళ్లిచ్చాడు. ఊరి పూజారి అదే వాకిట్లో బుట్ట అల్లుతున్నాడు. పెద్ద వయసు, చెవికి పోగు.

"తాతా, ఈ పిల్ల పరీక్ష రాయాలె" అన్నాను.

"పరీచ్చంటే ఏంది? మళ్ల ఉరుకుడా?"

"కాదు తాతా, చదువుది. ఇది దాటితే కొలువొస్తది. దాటకుంటే చింతపండే."

"చింతపండేం తక్కువమ్మా? మీ పప్పుల, చారుల మా చింతపండే గదా" అన్నాడు ముత్తయ్య. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకూ నవ్వొచ్చింది.

"తక్కువని కాదు ముత్తయ్యా. నీ బిడ్డ కోరుకున్నది అది కాదు. అడుగు దాన్ని."

ముత్తయ్య అడగలేదు. పూజారి అడిగాడు, వాళ్ల భాషలో. జోగి ఒక్క మాటలో జవాబు చెప్పింది. ముత్తయ్య నాకు తెలుగులో చెప్పాడు. "ఇష్టపడి తిన్నవా అని అడిగిండు. చిన్నపిల్లలు ఆకలితోటి కూసున్నరు, అందుకు తిన్న అన్నది. మాకీ సంగతి చెప్పనే లేదు."

పూజారి బుట్టలోకి ఇంకో బద్ద దూర్చాడు. "గట్లయితే ఆగుదం. పరీచ్చ అయినంక పెట్టుకుందం కొత్త. అప్పటిదాక ఊర్ల ఎవ్వరం ముట్టం. ఒక్కతె ముందు తిన్నది, ఊరంత ఎనక తింటం. సరిపాయె."

"ఊరు దాటొచ్చా మరి?"

"మేం ఆగినంక ఆమె యాడుంటే ఏంది?"

అంతే. నేను ఎన్నో ఏళ్లు, పదో తరగతి పిల్లలకు పొద్దున ఒక గంట పరుగు తగ్గించమని వచ్చిన ప్రతి సారునూ బతిమాలాను. షెడ్యూల్ మారదు అనేవాళ్లు. ఆ ముసలాయన ఊరి పండుగను బుట్ట అల్లుతూ జరిపేశాడు.

బయల్దేరుతుంటే అడిగాను, అసలు ఎందుకు ఆగుతారని. ఆయన నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూశాడు. "పిందెల తెంపితె టెంక గట్టిపడదు. టెంక లేని కాయ భూమిల పెడితె మొలుస్తదా?"

బస్సులో వస్తూ ఆ మాటే నములుకున్నాను. మా హాస్టల్లో మేం చేసే పని అదే, పిందెలు తెంపడం.

లెక్కల పరీక్ష

జోగిని మా కిరాయి ఇంట్లో పెట్టుకున్నాను. లెక్కల సారును బతిమాలి ఇంటికి పిలిచాను. మంచివాడు, వచ్చాడు. జోగి ముందు కూర్చుని ఒకటడిగాడు, ఇంకొంచెం కిందిది అడిగాడు, ఇంకా కిందిది అడిగాడు. పుస్తకం మూసి బయటికొచ్చాడు.

"పెద్దమ్మా, ఏడో తరగతి నుంచి చెప్పాలె. ఇప్పుడెట్లయితది?"

"మరి ఎనిమిది, తొమ్మిది ఎట్ల పాసైంది సార్?"

"స్టేట్ ప్లేయర్ గదా పెద్దమ్మా. మేమే ఏసినం."

ఆయన ముఖం చూస్తే తిట్టబుద్ధి కాలేదు. చేతనైనంత చెప్పాడు. జోగి నాకంటే ముందు లేచి, కట్టు కాలు చాపుకుని చదివేది. మిగతా పరీక్షలు బాగానే రాశానంది.

లెక్కల పరీక్షకు ముందురోజు సాయంత్రం గాలిదుమారం లేచింది. మా పక్కింటి రేకులు లేచిపోయాయి. ముత్తయ్య ఫోన్ చేశాడు. "అమ్మా, పిల్లకు చెప్పకుండ్రి. కాయ శానా రాలింది. కొత్త కాలేదని ఎవ్వరూ ఏరలే. అట్లనే పడి కుళ్లుతున్నయ్." నా ఫోన్ మాట పక్క గదిలోకి కూడా వినపడుతుంది. తలుపు దగ్గర జోగి నిలబడి ఉంది. వెళ్లి పుస్తకం ముందు కూర్చుంది.

మర్నాడు సెంటర్ బయట ఆటో పెట్టుకుని నిలబడ్డాను. కుంటుకుంటూ అందరికంటే వెనక వచ్చింది.

"ఎట్ల రాసినవ్?"

"తెలుగుల్నే ఉంది పెద్దమ్మా. అన్నీ చదవొచ్చింది. ఏం అడుగుతుండ్రో మాత్రం తెల్వలే."

పరీక్షలయ్యాక కొత్త చేశారు. నన్నూ పిలిచారు. చెట్ల మీద మిగిలిన కొద్ది కాయలే తెచ్చారు. పూజారి తన పని కానిచ్చి, మొదటి ముక్క జోగి చేతిలో పెట్టాడు. తరవాత ఊరంతా తిన్నది. కాయ పోయిందని ఒక్కరు ఒక్క మాట అనలేదు. నా వంటతోనే ఇదంతా మొదలైంది కాబట్టి, ఇకనుంచి మీ ఊళ్లో కొత్త కాకుండా నేనూ ముట్టను తాతా అన్నాను. జోగి అప్పుడు నవ్వింది. "నేను ఫోన్ చేసి చెప్త పెద్దమ్మా, తినొచ్చని."

ఫలితాలొచ్చాయి. లెక్కల్లో తప్పింది. అదొక్కటే.

సప్లిమెంటరీ ఉంది కదా, మా ఇంటికి రా అని ఫోన్ చేశాను.

"ఊరంత ఆగింది పెద్దమ్మా. కాయ గాలికి పాయె. నేను ఫెయిలైన. మళ్ల పరీక్షకు పోతనని ఏ మొఖం తోటి చెప్పాలె?"

"ఎవరన్న ఏమన్న అన్నరానే?"

"ఎవ్వరూ ఏమనలే. అంటె బాగుండు."

నేను మళ్లీ వెళ్లాను. బతిమాలాను, తిట్టాను, ముత్తయ్య చేత తిట్టించాను. రాలేదు. తిట్టుకు లొంగే పిల్ల కాదు, జాలికి అసలే కాదు. పొరుగూరి ఆడవాళ్లతో కలిసి మిరప కోతలకు పోతోందని తరవాత విన్నాను. కాలు అతికింది. ఇప్పుడు పరుగెత్తగలదు కూడా. ఎవరి కోసం పరుగెత్తాలి?

సారుకు ఆ ఏడు సమ్మక్క మెడల్ తెచ్చింది, కాంట్రాక్టు నిలిచింది. హాస్టల్‌కు ఎవరైనా పెద్దమనుషులు వస్తే మా దగ్గర స్టేట్ ప్లేయర్లు తయారయ్యారని చెప్పే పేర్లలో జోగి పేరు ఇప్పటికీ ఉందట.

చేరబోయేవాళ్లకు

మీకు ఓదార్పు మాటలు చెప్పను. మీరు అక్కడ చిన్న ఉద్యోగులు, మీ మాట ఎవరూ వినరు. అయినా చెప్పండి. పిల్ల నొప్పి అన్నప్పుడు పదిమంది వినేలా చెప్పండి, తరవాత ఎవరూ తెలియదనకుండా. మార్కులు వేసి పంపే పంతులుకు దండం పెట్టొద్దు. ఎవరు ఎంత వేగంగా పరిగెత్తుతారో కొలవడానికి అక్కడ వేరే మనుషులున్నారు. మీరు పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని లెక్కల పుస్తకంలో ఏ పేజీ దగ్గర ఆగిపోయిందో అడగండి. ఆరో తరగతిలోనే అడగండి, పదిలో కాదు. ఏం తినదో, ఎందుకు తినదో కూడా అడగండి.

రిటైరయ్యాక మా కొడుకు దగ్గర ఉంటున్నాను. మొదటి ఏడు జోగి ఫోన్ చేసింది. "అయింది పెద్దమ్మా, ఇగ తిను" అని పెట్టేసింది. మరుసటేడు ముత్తయ్య చేశాడు, పిల్ల పనికి పోయిందన్నాడు. ఈ ఏడు ఎవరూ చెయ్యలేదు. నేను చేస్తే ఆ నంబరు కలవడం లేదు.

మొన్న మా కోడలు మామిడికాయ పప్పు చేసింది. "అత్తమ్మా, బజార్ల పండ్లు సుత వచ్చినయ్. ఇంక వాళ్ల కొత్త కాకుంట ఉంటదా?" అంది.

అయ్యే ఉంటుంది. చెప్పాల్సిన పిల్ల చెప్పలేదు. కంచం మీద చెయ్యి అడ్డం పెట్టి, మజ్జిగ పొయ్యమన్నాను.